ఏరు దిగడం, మొగ దాటడం: చిన్న చాపబోటుతో ఉప్పుటేటి నుంచి సముద్రంలోకి

శ్రీకాకుళం, విజయనగరం తీరంలో బోటు సముద్రంలోకి వెళ్లడానికి రెండు దారులున్నాయి. ఒకటి, ఇసుక మీద నుంచి నెట్టుకుంటూ నేరుగా కెరటాల్లోకి దింపడం. తెప్పలకు, ఖాళీగా వెళ్లే ఫైబర్ బోట్లకు అది సరిపోతుంది. చాప కొయ్య (తెరచాప కట్టే స్తంభం), నీళ్ల డ్రమ్ములు, నాలుగు పూటల సరుకు ఎక్కించిన బోటును అలా దింపలేం. దానికి రెండో దారే గతి: రేవు నుంచి ఏటిలో దిగి, మొగ, అంటే ఏరు సముద్రంలో కలిసే చోటు, దాటి బయటపడాలి. భావనపాడు ఉప్పుటేరైనా, కళింగపట్నం దగ్గర వంశధారైనా, కోనాడ దగ్గర చంపావతైనా పద్ధతి ఒకటే. మారేదల్లా ఇసుక మేటలు ఉండే చోట్లు.

మొగలో ఇంజిన్ ఆగిందంటే దానికి కారణం చాలాసార్లు రేవులోనే ఉంటుంది. పెట్రోలు ట్యాంకు మూత మీద గాలి పోయే మర తిప్పలేదు, అడుగున పేరుకున్న మడ్డి చూడలేదు, లంగరు తాడు చిక్కుపడి ఉంది. ఏటి నీళ్లు కదలవు గనుక ఈ లోపాలు అక్కడ పైకి తేలవు, మొదటి పెద్ద కెరటం తగిలాక తేలతాయి. అందుకని ఇక్కడ చెప్పే పద్ధతిలో ఏటికి ఒక పూట మొత్తం ఇచ్చాం. ముందురోజు మధ్యాహ్నం నింపాదిగా దిగి, మొగ లోపల రాత్రి లంగరేసి, తెల్లారాక దాటడం. ఒకే పూటలో ఏరూ మొగా రెండూ ముగించేయొచ్చు, కానీ అలా వెళ్లినప్పుడు చూడాల్సినవి చూడడానికి వ్యవధి ఉండదు.

లెక్కల కోసం ఒక బోటు అనుకుందాం: 28 అడుగుల ఫైబర్ బోటు, వెనక తగిలించే 9.9 హార్స్‌పవర్ టూ స్ట్రోక్ పెట్రోల్ అవుట్‌బోర్డ్ ఇంజిన్, ఆరున్నర మీటర్ల చాప కొయ్య, నలుగురు మనుషులు. ఇంజిన్ దింపి ఉన్నప్పుడు నీటిలో 60 సెంటీమీటర్లు మునుగుతుంది. మీ బోటు కొలతలు వేరైతే అంకెలు మార్చుకోండి.

రోజు ఎంచుకోవడం

జనవరి నుంచి ఏప్రిల్ మొదటి వారాల దాకా మంచి కాలం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు తూర్పు తీరంలో మరబోట్ల వేటకు నిషేధం. ఆ తర్వాత నైరుతి గాలి పట్టుకుంటుంది, సెప్టెంబరు దాకా మొగల్లో కెరటం తగ్గదు. అక్టోబరు, నవంబరు నెలలు తుపాన్లవి. 2018 అక్టోబరులో తిత్లీ చూసిన జిల్లాకు దాని గురించి వేరే చెప్పనక్కర్లేదు. పెద్ద వరద వచ్చి వెళ్లాక మొగలో పాత గుర్తులు ఒక్కటీ నమ్మకూడదు. నిరుటి దారి ఈ ఏడు ఇసుక దిబ్బ కావచ్చు. ఏడాది మొత్తం మీద ఈ తీరం వెంబడి ఇసుక నైరుతి నుంచి ఈశాన్యానికి నడుస్తుంది. కాబట్టి మొగకు దక్షిణం ఒడ్డు నుంచి ఇసుక నాలుక పెరుగుతూ వచ్చి, దారిని ఉత్తరానికి నెట్టడం ఎక్కువగా కనిపిస్తుంది. దిబ్బ ఏ వైపు పెరిగిందో చూస్తే లోతు ఏ వైపు ఉండొచ్చో సగం తెలిసినట్టే.

తర్వాత తిథి. అమావాస్య, పున్నమి దాటిన ఒకటి రెండు రోజులకు పోటు (సముద్రపు నీరు ఎక్కడం) బాగా ఎత్తుతుంది. అప్పుడు ఈ తీరంలో పోటుకీ పాటుకీ (నీరు దిగిపోవడానికీ) మధ్య తేడా మీటరున్నరకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. అష్టమి, నవమి దాటాక తేడా అర మీటరు దగ్గరికి పడిపోతుంది. అష్టమి పోటుకు మొగలో లోతు చాలదు. పున్నమి పాటుకు నీరు మొగలోంచి తోసుకుంటూ బయటికి పోయి, ఎదురొచ్చే కెరటాన్ని నిలబెట్టి విరగ్గొడుతుంది. రెండింటికీ మధ్యన, ద్వాదశి త్రయోదశి రోజులు నయం.

తిథి ఒక్కటే చాలదు, గంట కూడా కలవాలి. పోటు నిండే వేళ ఉదయం ఆరున్నరకూ ఎనిమిదిన్నరకూ మధ్య పడాలి. అప్పటికి వెలుతురు ఉంటుంది, పగటి సముద్రపు గాలి ఇంకా లేవదు. పోటు రోజుకు దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది గనుక, పక్షానికి రెండు మూడు రోజులే ఇలా కుదురుతాయి. పోటుపాట్ల పట్టిక తీసుకోండి కానీ దానిలోని గంటనే మొగ గంట అనుకోవద్దు. సముద్రంలో పోటు నిండిన తర్వాత కూడా కాసేపు నీరు ఏటిలోకి పోతూనే ఉంటుంది. ఆ తేడా ఏరు పొడవును బట్టి, మొగ వెడల్పును బట్టి ఉంటుంది. దాన్ని కనుక్కోవడానికి ఖర్చేమీ లేదు. ప్రయాణానికి వారం ముందు మొగ లోపలి వైపు ఒక వెదురు పాతి, జానెడుకో రంగు గీత పెట్టి, ఒక ఆకు నీటి మీద వేసి అది కదలకుండా నిలిచే గంట రాసుకోండి. రెండు మూడు రోజులు రాసుకుంటే మిగతా రోజులకు 50 నిమిషాల చొప్పున కలుపుకుంటూ పోవచ్చు.

ఇక హెచ్చరికలు. కళింగపట్నం, భీమునిపట్నం రేవులకు వాతావరణ శాఖ ఇచ్చే తుపాను హెచ్చరిక నెంబర్లలో ఏదైనా కనిపించినా ప్రయాణం మానుకోండి. ఒకటో నెంబరు దూరాన ఉన్న వాయుగుండం కోసమే కావచ్చు, కానీ దాని కెరటం గాలికంటే ముందే ఇక్కడికి చేరుతుంది. గాలి లేని తెల్లటి ఎండ రోజున కూడా మొగ మూసుకుపోయే సందర్భం ఒకటుంది. ఎక్కడో దక్షిణ హిందూ మహాసముద్రంలో లేచిన పొడుగు కెరటాలు వేసవి ముందర ఈ తీరానికి వస్తాయి. లోతు నీళ్లలో అవి ఉన్నట్టే తెలియవు, మేట మీదికి రాగానే నిలువునా లేస్తాయి. హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఇచ్చే సముద్ర సూచనలో కెరటం ఎత్తుతో పాటు కెరటానికీ కెరటానికీ మధ్య సెకన్లు కూడా ఉంటాయి. ఎత్తు మీటరే ఉన్నా సెకన్లు 14 దాటితే ఆ రోజు వదిలేయండి.

గంటల లెక్క

మొగలో నీరు నిలిచే వేళ రేపు ఉదయం 8 గంటలు అనుకుందాం. రెండు పోట్ల మధ్య 12 గంటల 25 నిమిషాలు. కాబట్టి ఈ రోజు సాయంత్రం పోటు నిండేది 7.35కి, దానికి ముందు పాటు అడుగంటేది మధ్యాహ్నం 1.20 ప్రాంతంలో. మీరు రేవు వదలాల్సింది 2 గంటలకు.

అంటే పోటు ఎదురుగా వస్తుంటే కిందికి దిగుతున్నారన్నమాట. పాటుతో పాటు జారిపోతే పెట్రోలు మిగులుతుంది కదా అనిపిస్తుంది. కానీ పాటులో మేట ఎక్కితే నీరు తీసేస్తుంది, ఆరు గంటలు బోటు పక్కకు ఒరిగి పడి ఉంటుంది. పోటు ఎక్కుతుండగా తగులుకుంటే పావుగంటలో నీరే లేపుతుంది. పైగా నీరు తక్కువగా ఉన్నప్పుడు మేటలు కంటికి కనిపిస్తాయి, వంతెన కింద ఎత్తూ ఎక్కువ దొరుకుతుంది. దీనికోసం రెండు లీటర్ల పెట్రోలు ఎక్కువ కాలినా నష్టం లేదు.

ఏరు ఎనిమిది కిలోమీటర్లైతే, నీటి మీద గంటకు 6 కిలోమీటర్ల వేగంతో, ఎదురు పోటు 2 తీసేస్తే 4 మిగులుతుంది. రెండు గంటలు నడక, వలలకూ వంతెనకూ ఇంకో ముప్పావుగంట. 4.45కి మొగ లోపలికి చేరతారు. జనవరిలో పొద్దు ఐదున్నర దాటాక వాలుతుంది. మొగను ఒకసారి వెలుతురులో చూసుకోవడానికి అది చాలు.

రేవులో చేయాల్సినవి

ముందు పెట్రోలు. టూ స్ట్రోక్ ఇంజిన్‌కు లీటరుకు 20 మిల్లీలీటర్ల ఆయిల్, అంటే 25 లీటర్ల ట్యాంకుకు అర లీటరు. మీ ఇంజిన్ పుస్తకం వేరే చెబితే అదే పాటించండి. ఫోర్ స్ట్రోక్‌కు కలపకూడదు. ట్యాంకును నింపే ముందు ఖాళీ చేసి, అడుగున చేతిలైటు వేసి చూడండి. అడుగున నీటి బొట్లు, మడ్డి ఉంటే ఏటిలో అవి కదలకుండా పడుకుంటాయి, మొగలో బోటు ఎగిరి పడగానే లేచి ఫిల్టర్‌లోకి పోతాయి. నడుస్తున్న ఇంజిన్ రెండు దగ్గులు దగ్గి ఆగిపోయేది ఇందుకే. నింపాక ట్యాంకును బాగా ఊపి, ఐదు నిమిషాలు ఇంజిన్ నడిపి, ఫిల్టర్ గిన్నె విప్పి చూడండి. మళ్లీ మడ్డి వస్తే ట్యాంకు కడగాల్సిందే.

ట్యాంకు మూత మీద గాలి మర ఉంటుంది. అది మూసి ఉంటే ఇంజిన్ మొదట బాగానే నడిచి, కొన్ని నిమిషాల తర్వాత నీరసించి ఆగుతుంది. పెట్రోలు పైపు మీద ఉండే చేతి బల్బు చప్పిడిగా నొక్కుకుపోయి ఉంటే కారణం అదే. ఇంజిన్ నడుస్తుండగా వెనక నుంచి సన్నటి నీటి ధార రావాలి. అది ఇంజిన్‌ను చల్లబరిచే నీరు. ధార తగ్గిందంటే దారిలో బురదో, పాలిథిన్ ముక్కో అడ్డం పడింది, లేదా లోపలి రబ్బరు రెక్కలు అరిగాయి. ధార బయటికొచ్చే రంధ్రాన్ని సన్న నైలాన్ దారంతో పొడవండి, అయినా రాకపోతే ప్రయాణం ఆపండి. స్పేర్‌గా రెండు స్పార్క్ ప్లగ్గులు, ప్లగ్గు స్పానర్, స్టార్టర్ తాడు, రబ్బరు రెక్కల సెట్టు, ఫ్యాను (నీటిలో తిరిగి బోటును నెట్టే రెక్కలు) పిన్ను ఉంచుకోండి. కొన్ని ఇంజిన్లలో పిన్ను బదులు ఫ్యాను లోపల రబ్బరు బుష్ ఉంటుంది. అది జారిందంటే ఇంజిన్ అరుస్తుంది, బోటు కదలదు. అలాంటి ఇంజిన్‌కు స్పేర్ ఫ్యానే తీసుకెళ్లాలి.

చాప కొయ్యను రేవులోనే దింపేయండి. ఏటి మీద రోడ్డు వంతెనలు, కరెంటు తీగలు ఎక్కడ ఏ ఎత్తులో ఉన్నాయో పాటు వేళ చూసి అంచనా కడితే, పోటు వేళకు ఆ అంచనా మీటరుకు పైగా తప్పుతుంది. పదకొండు వేల వోల్టుల తీగకు కొయ్య తగలనక్కర్లేదు, దగ్గరికి వస్తేనే దూకుతుంది. తడిసిన వెదురైనా అంతే. దింపిన కొయ్యను బోటు మధ్యన, ముందొకటి వెనకొకటి కత్తెర కర్రల మీద పడుకోబెట్టి మూడు చోట్ల కట్టండి. రెండు చోట్లే కడితే మొగలో మధ్య భాగం ఎగిరి కట్లు వదులవుతాయి. కొయ్యను మొగ దాటేదాకా లేపకూడదు.

లంగరు విషయంలో పిసినారితనం పనికిరాదు. ఈ సైజు బోటుకు నాలుగు కొక్కేల లంగరు పది కిలోలు, దాని వెనక మూడు మీటర్ల గొలుసు, 12 మిల్లీమీటర్ల నైలాన్ తాడు 50 మీటర్లు. తాడును బోటు ముందు భాగంలో ఒక ప్లాస్టిక్ తొట్టెలో, పై చుట్టు ముందుగా పోయేలా వేసి ఉంచండి. చివరి కొస బోటుకు కట్టి ఉందో లేదో చేత్తో లాగి చూడండి, కళ్లతో చూసి సరిపెట్టుకోవద్దు.

బరువంతా బోటు మధ్యకూ, అక్కణ్ణుంచి కొంచెం వెనక్కీ ఉండాలి. ముందు భాగం తేలిగ్గా ఉంటేనే కెరటానికి లేస్తుంది. నీళ్లు మనిషికి రోజుకు నాలుగు లీటర్లు, ఒక రోజు ఎక్కువే పెట్టుకోండి. వదులుగా దొర్లేది ఒక్కటీ మిగలకూడదు. నీరు తోడడానికి డబ్బాలు రెండు, వాటికి తాళ్లు కట్టి ఉండాలి. లైఫ్ జాకెట్లు మూటలో కాదు, ఒంటి మీద ఉండాలి. బోటు రిజిస్ట్రేషన్ కాగితాలు, మత్స్యకారుల గుర్తింపు కార్డులు, సెల్‌ఫోన్ నీరు చొరని సంచిలో వేసుకోండి. ఎంతమంది, ఏ దారి, ఎన్ని గంటలకు చేరతారు అన్నది చీటీ మీద రాసి ఒడ్డున ఒకరికి ఇవ్వండి. ఆ చీటీలోనే కోస్ట్ గార్డ్ 1554, మెరైన్ పోలీస్ 1093 నెంబర్లు రాసి ఉంచండి. వీహెచ్‌ఎఫ్ రేడియో ఉంటే 16వ చానెల్.

ఏటిలో

చుక్కాని పట్టే మనిషి ఒకరు, ముందు గడకర్ర పట్టే మనిషి ఒకరు. గడకర్రకు పావు మీటరుకో గీత ఉండాలి. ఒక మీటరు కంటే తగ్గితే గట్టిగా చెప్పాలి, తగ్గకపోతే అంకె మాత్రం చెబుతూ ఉండాలి. మలుపుల్లో బయటి ఒడ్డు పక్కన లోతు ఉంటుంది, లోపలి ఒడ్డు పక్కన మేట ఉంటుంది. ఏరు అడ్డదారిలో దాటబోతే మధ్యలో తగులుకుంటారు. రెండు మలుపుల మధ్య లోతు ఒక ఒడ్డు నుంచి రెండో ఒడ్డుకు ఐమూలగా పోతుంది, అక్కడే గడకర్ర ఎక్కువ పని చేయాలి.

వేగం పెంచకండి. నౌపడ వైపు ఉప్పు మళ్ల గట్లు మట్టివి. బోటు లేపే అల ఒక్కటి గట్టు తెంపితే ఒకరి నెల రోజుల కష్టం కరిగిపోతుంది. రొయ్యల చెరువుల మోటారు పైపులు ఒడ్డు నుంచి నీటిలోకి దిగి ఉంటాయి. అవి ఉన్నచోట ఏటి మధ్యకు జరగండి. అడ్డంగా కట్టిన వల కనిపిస్తే దూరం నుంచే ఇంజిన్ ఆపి, పైకి ఎత్తి, గడకర్రతో నెట్టుకుంటూ దాటండి. వల మనిషి దగ్గర్లో ఉంటే ముందే కేకేయండి: "మావా, ఎటేపు నుంచి పోమంటావ్?" అన్న ఒక్క మాటతో వల తెగకుండా, ఫ్యానుకు చుట్టుకోకుండా పని అయిపోతుంది. మొగలో ఇసుక ఈ వారం ఎటు తిరిగిందో కూడా ఆయనకే తెలుస్తుంది. అడిగి తెలుసుకోండి.

మేట తగిలితే ఇంజిన్ వెంటనే ఆపండి. రివర్స్ గట్టిగా ఇస్తే ఫ్యాను లేపిన ఇసుకంతా చల్లబరిచే నీటి దారిలోకి పోతుంది. ఇంజిన్ పైకెత్తి, అందరూ ముందుకు జరిగితే వెనక భాగం తేలుతుంది. వచ్చిన దారినే గడకర్రతో వెనక్కి నెట్టండి. నీటిలో దిగాల్సి వస్తే ముందు గడకర్రతో గుచ్చి చూడండి, ఉప్పుటేటి బురద నడుం దాకా లాగుతుంది. దిగాక కాళ్లు ఎత్తి వేయకుండా నేల మీద ఈడ్చుకుంటూ నడవాలి. మడుగులో పడుకున్న టేకు చేప తోకముల్లు, జెల్ల ముల్లు రెండూ ఆసుపత్రికి పంపేవే. తేలాక ఇంజిన్ వెనక ధార మళ్లీ చూసుకోండి.

నెమ్మదిగా నడపడంలో ఒక చిక్కుంది. టూ స్ట్రోక్ ఇంజిన్‌ను రెండు గంటలు చిన్న వేగంలో నడిపితే ప్లగ్గుకు నల్లటి ఆయిల్ మసి పడుతుంది. తెల్లారి గట్టిగా వేగం అడిగితే గుటకలు వేస్తుంది. అందుకని ఏటిలో ఎవరూ లేని వెడల్పైన తిన్నటి భాగం చూసుకుని, ఐదు నిమిషాలు పూర్తి వేగంతో నడపండి. ఈ పరీక్ష మసిని కాల్చేస్తుంది, బుష్ జారుతుందో లేదో, కట్లు వదులవుతున్నాయో లేదో కూడా చెబుతుంది. ఈ ఐదు నిమిషాల్లో ఇంజిన్ ఒక్కసారి దగ్గినా కారణం దొరికేదాకా మొగ ఊసెత్తకండి.

రాత్రి లంగరు

సాయంత్రం 4.45కి పోటు సగం ఎక్కి ఉంటుంది. మీటరున్నర తేడా ఉండే రోజుల్లో అక్కడ గడకర్ర రెండు మీటర్లు చూపిస్తే, అర్ధరాత్రి దాటాక 1.45 ప్రాంతంలో పాటుకు మీటరుంపావు మిగులుతుంది. అది చాలు. అంతకంటే తక్కువ చూపిస్తే ఇంకో చోటు చూడండి. పోటు నిండినప్పుడు లోతు 2.75 అవుతుంది గనుక తాడు దానికి ఐదింతలు, అంటే 14 మీటర్లకు తగ్గకుండా వదలండి. పాటు మొదలవగానే బోటు తల తిప్పుకుని నీరు వచ్చే వైపు ముఖం పెడుతుంది. ఆ తిరుగుడుకు చోటుండాలి, లంగరు మళ్లీ పట్టిందో లేదో ఎవరో ఒకరు లేచి చూడాలి. మొగకు మరీ దగ్గర కాకుండా కనీసం అర కిలోమీటరు లోపల ఆగండి. లంగరు జారితే పాటు మిమ్మల్ని నిద్రలోనే కెరటాల్లోకి తీసుకుపోతుంది.

దోమల చుట్టతో పాటు దోమతెరా కావాలి. చుట్టను పెట్రోలు డబ్బాకు దూరంగా, బోటు ముందు భాగంలో వెలిగించండి. తెల్లవారి తిండికి నూనె పదార్థాలు వద్దు. చద్దన్నం, ఉల్లిపాయ, ఉప్పు చేప ఒంట్లో నిలుస్తాయి. పూరీలు తిన్నవాళ్లు పది గంటలకల్లా బోటు అంచు పట్టుకుంటారు.

మొగ

ఆరున్నరకు ఇద్దరు దిబ్బ ఎక్కి అరగంట చూడాలి. ఐదు నిమిషాల చూపు మోసం చేస్తుంది, ఎందుకంటే కెరటాలు గుంపులుగా వస్తాయి. పెద్దవి మూడు నాలుగు వరసగా వచ్చి, ఆపై కాసేపు నీరు చల్లబడుతుంది. గుంపుకీ గుంపుకీ మధ్య ఎన్ని నిమిషాలో వాచీ పెట్టి లెక్కించండి. తెల్లటి నురుగుల మధ్య నల్లగా, నున్నగా కనిపించే బాట ఉంటే అదే లోతు. ఆ బాటకు వెనక ఒడ్డున రెండు గుర్తులు, ఒకటి దగ్గరిది ఒకటి దూరంది, ఒకే వరసలో వచ్చేలా పట్టుకోండి. నీటి మీదికి దిగాక బాట కనిపించదు, ఆ వరసే దారి చూపిస్తుంది.

ఎంత లోతు కావాలి? బోటు మునిగేది 0.6, కెరటం పల్లంలో నీరు దిగిపోయేది కెరటం ఎత్తులో సగం, దాని మీద చేతిలో ఉండాల్సింది 0.4. మీటరు కెరటానికి మొత్తం మీటరున్నర. ఒడ్డు నుంచి ఒడ్డు దాకా ఒకే గీతగా కెరటం విరుగుతుంటే లెక్కతో పని లేదు. ఆ రోజు దారి మూసుకుంది, వెనక్కి వెళ్లి నిద్రపోండి.

దాటాల్సింది నీరు నిలిచాక కాదు, నిలవడానికి ముందు అరగంటలో. 7.30 నుంచి 8 లోపు. ఈ వ్యవధిలో ఇంజిన్ ఆగినా మిగిలిన పోటు బోటును ఏటి లోపలికే నెడుతుంది. 8.15కి ఇదే జరిగితే మొదలైన పాటు విరిగే కెరటాల్లోకి నెడుతుంది. ఏ కారణం వల్లనైనా 8 దాటితే ఇంకో రోజు ఆగడమే మేలు. ఇక్కడ పట్టుదల పనికిరాదు.

పెద్ద గుంపులో చివరి కెరటం విరగ్గానే బయల్దేరండి. ముందు మనిషి లంగరు దగ్గర కూర్చోవాలి, నిలబడకూడదు. ఇంజిన్ ఆపే తాడు చుక్కాని మనిషి మణికట్టుకు ఉండాలి. కెరటాలకు ముక్కుకు ముక్కుగా, ఏ కొంచెమో ఏటవాలుగా పోవాలి. కెరటాల మధ్య వేగం ఇవ్వండి, బోటు ముక్కు కెరటం ఎక్కబోతుండగా తగ్గించండి, వెన్ను దాటగానే మళ్లీ ఇవ్వండి. వెన్ను మీద వేగం ఉంటే బోటు గాల్లోకి ఎగిరి పడుతుంది, ఫ్యాను నీరు విడిచి అరుస్తుంది. వేగం అసలే లేకపోతే కెరటం బోటును వెనక్కి తోసి అడ్డం తిప్పుతుంది. అడ్డం తిరిగిన బోటుకు తర్వాతి కెరటమే ఆఖరు. అందుకే సగం దాటాక వెనక్కి తిప్పే ఆలోచన చేయకూడదు. తిప్పాలనిపిస్తే మొదటి కెరటం తగలక ముందే తిప్పేయాలి. ఇంజిన్ మధ్యలో ఆగితే స్టార్టర్ తాడు లాగుతూ కూర్చోకండి. ముందు మనిషి అదే క్షణంలో లంగరు వదలాలి, తాడు మొత్తం పోనివ్వాలి. ముక్కు కెరటానికి ఎదురుగా నిలిచాక ఇంజిన్ సంగతి చూడొచ్చు.

బయటపడ్డాక

నురుగు దాటగానే తీరం వెంబడి తిరగాలనిపిస్తుంది. తిరగకండి. ఎనిమిది పది మీటర్ల లోతు వచ్చేదాకా నేరుగా పోయి, అప్పుడు ఆగి, అడుగున చేరిన నీరు తోడి, కట్లు చూసి, ఆపైన కొయ్య లేపండి. ఒడ్డు వలలు తప్పాలంటే రెండు కిలోమీటర్లు బయట నడవాలి. మూలపేట పోర్టు పనులు జరిగే వైపు డ్రెడ్జర్లకూ రాళ్ల గట్లకూ ఇంకా దూరంగా ఉండండి.

ఉదాహరణకు, భావనపాడు నుంచి నైరుతిగా కళింగపట్నం సముద్రం మీద సుమారు 35 కిలోమీటర్లు. గంటకు 11 కిలోమీటర్ల వేగంతో మూడు గంటల పైచిలుకు. పెద్ద వేగంలో గంటకు నాలుగు లీటర్ల చొప్పున 13 లీటర్లు, ఏటిలో మూడు నాలుగు, మొత్తం 17. దానికి సగం కలిపి 25 లీటర్లు పెట్టుకోండి. ఫిబ్రవరి నుంచి మే దాకా తీరం వెంబడి నీరు ఈశాన్యానికి నడుస్తుంది, అంటే మీకు ఎదురు. మార్చి దాటితే దక్షిణపు గాలి కూడా ఎదురే, అప్పుడు ఇంకో పది లీటర్లు. ఈ లెక్కలకంటే మీ ఇంజిన్ ఒక గంటలో నిజంగా ఎంత తాగుతుందో ఒకసారి కొలిచి చూసుకున్న అంకె విలువైనది.

అన్నీ కుదిరితే పదకొండున్నరకు కళింగపట్నం దీపస్తంభం ఎదురుగా ఉంటారు, అక్కడే చాలామంది పొరబడతారు. ఆ వేళకు వంశధార మొగలో పాటు జోరుగా ఉంటుంది, మధ్యాహ్నపు గాలీ లేస్తుంది. లోపలికి రావడం బయటికి పోవడం కంటే కష్టం, ఎందుకంటే కెరటం వెనక నుంచి తరుముతుంది, బోటు ముక్కు దాని ముందు పల్లంలో గుచ్చుకుని అడ్డం తిరుగుతుంది. సాయంత్రం ఐదు దాకా, పోటు దాదాపు సగం ఎక్కేదాకా ఎనిమిది పది మీటర్ల లోతులో లంగరేసుకుని ఆగాలి. తాడు ఇక్కడ ఐదింతలు చాలదు, ఉన్న 50 మీటర్లూ వదలండి. లోపలికి వచ్చేటప్పుడు ఒక కెరటం వీపు మీద కూర్చున్నట్టు, దాన్ని దాటకుండా, వెనకదానికి చిక్కకుండా అదే వేగంతో రావాలి.

ఆ ఎదురుచూపు ఇష్టం లేనివాళ్లు ఏ వేళకైనా లోపలికి పోగలిగిన విశాఖ ఫిషింగ్ హార్బర్‌కే గురి పెట్టుకోవాలి. అది భావనపాడు నుంచి దాదాపు 150 కిలోమీటర్లు, రాత్రి ప్రయాణం తప్పదు. పెట్రోలు 90 లీటర్లకు తగ్గకూడదు. దారిలో పూసపాటిరేగ మండలం చింతపల్లి దగ్గర శాంతపల్లి దీపస్తంభం వస్తుంది. దానికి ఎదురుగా సముద్రంలో రాళ్లున్నాయి. చార్టులో వాటి చోటు చూసుకుని, జీపీఎస్‌లో ముందే గుర్తు పెట్టుకుని, ఆ భాగాన్ని పగటి వెలుతురులో దాటేలా బయల్దేరే గంట సర్దుకోండి.